యమహా ఎఫ్310: పదివేల గిటార్‌లో ఏం బాగుంది, ఏం సరిచేయించుకోవాలి

యమహా ఎఫ్310ని కళ్లు మూసుకుని కొనేయొచ్చని గిటార్ నేర్పేవాళ్లు చాలామంది చెబుతారు. కొనొచ్చు గానీ, కళ్లు తెరుచుకునే కొనాలి. పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఈ గిటార్ దుకాణంలోంచి వచ్చింది వచ్చినట్టుగా ఓ మోస్తరుగా ఉంటుంది. శాడిల్ని, అంటే ఒంటి మీద బ్రిడ్జ్ అనే చెక్కలో దిగి తీగలు ఆనే సన్న పట్టీని, కాస్త అరగదీసి, కొత్త తీగలు వేస్తే అదే గిటార్ ఇంతేనా ధర అనిపించేలా మారుతుంది. ఆ తర్వాత పాతికవేల గిటార్ పక్కన పెట్టి వాయించినా ఎడమ చేతికి పెద్దగా తేడా తెలియదు. చెవికి తెలుస్తుంది, ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాం.

చవక గిటార్లలో నేర్చుకునేవాళ్లని ఏడిపించేది చెక్క కంటే ఎక్కువగా కొలతలు. ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, సరైన దూరంలో కూర్చోవాలి, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, మెడ ఒంటికి సరైన కోణంలో అతకాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా తర్వాత సరిచేయడం గిటార్ ఖరీదుకు మించిన పని. నట్ (మెడ కొసన, తల దగ్గర తీగలు ఆనే పట్టీ) ఎత్తు, శాడిల్ ఎత్తు, తీగలు, మెడ వంపు మాత్రం ఎప్పుడైనా తక్కువ ఖర్చుతో సర్దుకోవచ్చు. ఎఫ్310 గొప్పతనం ఇక్కడే ఉంది: సర్దలేని మూడూ ఒక గిటార్‌కీ ఇంకో గిటార్‌కీ పెద్ద తేడా లేకుండా సరిగా వస్తాయి. మిగిలిపోయేవి సర్దుకోగలిగినవే.

ముందు వివరాలు. ఇండోనేషియాలో తయారయ్యే డ్రెడ్‌నాట్ ఆకారపు గిటార్ ఇది. పైపలక స్ప్రూస్, అయితే పొరలు అతికించిన ప్లై. వెనకా పక్కలా ఆ ప్రాంతంలో దొరికే చెక్కలే, అవీ ప్లైయే. ఫ్రెట్లు 20, మెడ 14వ ఫ్రెట్ దగ్గర ఒంటిని కలుస్తుంది. నట్ వెడల్పు 43 మి.మీ. స్కేల్, అంటే నట్ నుంచి శాడిల్ దాకా తీగ మోగే పొడవు, 634 మి.మీ.

ఈ 634 దగ్గర కాస్త ఆగాలి. పెద్ద సైజు గిటార్లలో సాధారణంగా స్కేల్ 643 నుంచి 650 దాకా ఉంటుంది. నట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 650 స్కేల్‌లో 134 మి.మీ. దూరం ఉంటే, 634లో 131 మి.మీ. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, చిటికెన వేలు చాపాల్సి వచ్చినప్పుడు అది బాగా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం బిగువు. అవే తీగలు, అదే శ్రుతి అయినా 650 కన్నా 634లో తీగల బిగువు దాదాపు 5 శాతం తక్కువ. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి స్వరాల గుత్తి వాయించే ఎఫ్ బార్ కార్డు దగ్గర వేలు నొప్పెట్టి గిటార్ మూలన పడేసేవాళ్లకి ఈ 5 శాతం చిన్న విషయం కాదు. పన్నెండేళ్ల పిల్లల చేతికి డ్రెడ్‌నాట్ ఒళ్లు మాత్రం పెద్దదే, కుడి భుజం పైకి లేచిపోతుంది. వాళ్లకి చిన్న ఒళ్లున్న గిటార్ చూడటం మంచిది.

ఇక ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకి దొరికే 38 అంగుళాల గిటార్ల సంగతి. పెట్టె మీద రాసే ఆ 38, 40 అంగుళాలు గిటార్ తల నుంచి అడుగు దాకా మొత్తం పొడవు, స్కేల్ కాదు. వాటితో బ్యాగు, బెల్టు, పిక్కులు, కాపో, అదనపు తీగలు అన్నీ ఉచితంగా వస్తాయి. మెడలో ట్రస్ రాడ్ మాత్రం కొన్నింటిలో ఉండదు. తీగలు లాగిన లాగుడికి మెడ ముందుకి వంగితే వెనక్కి తేవడానికి ఆ రాడ్డే ఆధారం, రాడ్ లేకపోతే కొన్నాళ్లకి ఆ గిటార్ ఊరికే గోడకు తగిలించే వస్తువైపోవచ్చు. ఫ్రెట్ల అంచులు నున్నగా రుద్దకుండా వదిలేయడం, ఫింగర్‌బోర్డుకి వేసిన నల్లరంగు వేళ్లకి అంటుకోవడం, నట్ గాళ్లు లోతుగా కోయకపోవడం కూడా ఈ ధరలో తరచుగా కనిపిస్తాయి. అన్నీ చెడ్డవని చెప్పలేం. పది చూస్తే ఒకటో రెండో బాగానే ఉంటాయి, అయితే అవేవో చేత్తో పట్టుకుని చూస్తే తప్ప తెలియదు. ఆన్‌లైన్‌లో వచ్చే పెట్టెతో ఆ అవకాశం లేదు. ఎఫ్310కి పెట్టే అదనపు డబ్బు వెళ్లేది ఈ నమ్మకానికే.

ప్లై అనగానే పెదవి విరిచేవాళ్లకి రెండు మాటలు. 1966లో యమహా ఎఫ్‌జీ180 తెచ్చినప్పుడు దాని పైపలక కూడా ప్లైయే. ఎరుపు లేబుల్ ఉన్న ఆ పాత గిటార్ల కోసం ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద గాయకుడు కంట్రీ జో మెక్‌డొనాల్డ్ అరువు తెచ్చుకుని వాయించింది అదే కుటుంబంలోని ఎఫ్‌జీ150. ఒకే చెక్కతో చేసిన సాలిడ్ పైపలక బాగా మోగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ శబ్దం విచ్చుకుంటుంది. ప్లైలో ఆ విచ్చుకోవడం దాదాపు ఉండదు, కొన్ననాడు ఎలా పలికిందో పదేళ్లకీ అలాగే పలుకుతుంది. దానికి బదులుగా వచ్చేది ఓర్పు. కాకినాడ, విశాఖల్లో వానాకాలం గాలిలో తేమకి సాలిడ్ చెక్క ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడి గాలికి, దానికి తోడు ఏసీకి అదే చెక్క ముడుచుకుని తీగలు బర్రుమంటాయి, మరీ ముదిరితే పలక చీలుతుంది. ప్లైకి ఈ బాధ చాలా తక్కువ. గిటార్‌ని మంచం పక్కన గోడకి ఆనించి వదిలేసే ఇంట్లో ప్లై పైపలకే సుఖం. ఎండలో ఆపిన కారులో మాత్రం ఏ గిటార్నీ వదలొద్దు, ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది.

దుకాణంలో చూడాల్సినవి. ఒకే మోడల్ రెండు మూడు తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి, వద్దనే దుకాణదారు దగ్గర కొనొద్దు. ముందు తల వైపు నుంచి ఒక కన్ను మూసి మెడ వెంట చూడండి, మెలిక తిరిగి ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి. తర్వాత ఫ్రెట్ల మీద పొడవాటి స్టీలు స్కేలు ఆనించి బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచుకి సరిగ్గా తగలాలి. బ్రిడ్జ్ ముఖానికి గుద్దుకుంటే మెడ కోణం తప్పిందని అర్థం, అది మన చేతుల్లో బాగయ్యేది కాదు. బ్రిడ్జ్ వెనక అంచు కింద సన్న కాగితం దూర్చి చూడండి, దూరితే జిగురు వదులుతోందన్నమాట. ఫ్రెట్ల ఎత్తుకి ఏటీఎం కార్డు చాలు. దాని అంచుని ఒకేసారి మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఆడించండి. టకటకమని ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉంది. మెడ పొడవునా ఇలా చూసుకుంటూ పోవాలి, పైకి వెళ్లేకొద్దీ ఫ్రెట్లు దగ్గరవుతాయి కాబట్టి కార్డు పొట్టి వైపు వాడండి.

చివరగా శ్రుతి పరీక్ష. ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని, 12వ ఫ్రెట్ సరిగ్గా మీద వేలు తాకీ తాకకుండా ఉంచి మీటితే గంట లాంటి హార్మోనిక్ వస్తుంది. తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం చూపించాలి. తేడా 5 సెంట్ల (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) లోపుంటే హాయిగా తీసుకోవచ్చు. 10 దాటితే ముందు తీగలు పాతబడ్డాయేమో, మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే ఎత్తు తీగని నొక్కినప్పుడు అది సాగి స్వరం పెరుగుతుంది. ఎఫ్310లో 12వ ఫ్రెట్ దగ్గర వచ్చే తేడాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటివల్లే.

ఇప్పుడు ఈ గిటార్‌లో లోపాలు. మొదటిది తీగల ఎత్తు, అందరూ యాక్షన్ అనేది. 12వ ఫ్రెట్ పైఅంచు నుంచి తీగ అడుగు దాకా కొలవాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లావు తీగ కింద 3 మి.మీ. దగ్గర, సన్న తీగ కింద 2.5 దగ్గర ఉండటం మామూలే. గట్టిగా స్ట్రమ్ చేసినా తీగ ఫ్రెట్‌కి తగలకూడదని కంపెనీలు కాస్త ఎత్తుగానే వదులుతాయి. వేళ్లకి సుఖంగా ఉండేది లావు వైపు 2.5, సన్న వైపు 2. దాన్ని తగ్గించే చోటు శాడిల్, అయితే అంతకుముందు మెడ వంపు చూసుకోవాలి. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

మెడ వంపు చూడటం ఇలా. లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గరా 14వ ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి, 7వ ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. రెండు ఎ4 కాగితాలు పట్టేంత, అంటే సుమారు 0.2 మి.మీ. ఉంటే సరిపోతుంది. అంతకన్నా చాలా ఎక్కువుంటే సౌండ్‌హోల్ లోపల కనిపించే ట్రస్ రాడ్ నట్టుని అలెన్ కీతో గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. సందు అసలే లేకపోతే దానికి ఎదురు వైపు. ఒక్కసారికి పావు చుట్టే, మళ్లీ శ్రుతి చేసి, కొలిచి, అప్పుడు ఇంకో పావు. బిర్రుగా మొరాయిస్తుంటే బలం చూపించొద్దు, టెక్నీషియన్ దగ్గరికి పట్టుకెళ్లండి. మెడ వంపు సరిచేయడానికే ట్రస్ రాడ్, యాక్షన్ తగ్గించడానికి కాదు. దీన్ని యాక్షన్ స్క్రూ అనుకుని తిప్పి రాడ్ తెంపుకున్న గిటార్లు రిపేరు షాపుల్లో చాలానే కనిపిస్తాయి.

శాడిల్ లెక్క తేలిక. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగం కాబట్టి, అక్కడ అర మి.మీ. తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక మి.మీ. పోవాలి. తీగలు పూర్తిగా వదులు చేసి, పిన్నులు తీసి, గుడ్డ చుట్టిన పటకారుతో శాడిల్ని నిటారుగా పైకి లాగండి. అడుగు నుంచి ఒక మి.మీ. దగ్గర సన్న పెన్సిల్‌తో గీత గీయండి. 150 నంబరు ఉప్పు కాగితాన్ని అద్దం ముక్క మీదో నున్నటి టైల్ మీదో అతికించి, శాడిల్ని నిలువుగా పట్టుకుని ఒకే దిక్కుగా రుద్దండి. ఇటూ అటూ రుద్దితే చెయ్యి ఊగి అడుగు గుండ్రంగా తేలుతుంది, అప్పుడు శాడిల్ గాడిలో పూర్తిగా ఆనక ఒకటి రెండు తీగలు మూగగా పలుకుతాయి. గీతకి కాస్త ముందే ఆపి, 240 నంబరుతో ముగించండి. పెట్టి, శ్రుతి చేసి, పది నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. బ్రిడ్జ్ పైన శాడిల్ కనీసం రెండు మూడు మి.మీ. కనిపిస్తూ ఉండాలి, అంతకన్నా మునిగిపోతే తీగ శాడిల్ని గట్టిగా నొక్కదు, శబ్దం పలచబడుతుంది. ఈ పని తెలియని చేతికి భయమైతే టెక్నీషియన్ దగ్గర తీగలు కాకుండా 500 నుంచి 1000 లోపు అయిపోతుంది, ఊరిని బట్టి. ఎముక శాడిల్ వేయించుకుంటే సన్న తీగలకి కొంచెం స్పష్టత వస్తుంది. అది మొదటి రోజే చేయాల్సిన ఖర్చు కాదు.

నట్ ఎత్తు చాలామంది చూడరు, అసలు బాధంతా అక్కడే ఉంటుంది. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద సందు చూడండి. ఒక కాగితం దూరేంత చాలు. విజిటింగ్ కార్డు దూరితే గాడి ఎత్తుగా ఉన్నట్టే. అప్పుడు ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కకుండా మీటే ఖాళీ తీగలన్నీ శ్రుతిలోనే ఉంటాయి గానీ సీ, డీ మైనర్, ఎఫ్ లాంటి మొదటి ఫ్రెట్ల కార్డులు వాయించగానే స్వరం పైకి పోతుంది. నేర్చుకునేవాళ్లు తమ చెవిలోనే లోపముందనుకుంటారు. గాళ్లు లోతు చేయడానికి తీగ మందానికి తగ్గ ఆకురాళ్లు కావాలి. ఇది ఇంట్లో చేయకుండా టెక్నీషియన్‌కే వదిలేయండి, వెంట్రుకవాసి ఎక్కువ కోసినా కొత్త నట్ వేయాల్సిందే.

శ్రుతి నిలవడం లేదని తల మీద తీగలు బిగించే కీలు మార్చేస్తుంటారు. ఎఫ్310 కీలు సాదాసీదావే, పనికి లోటు లేదు. శ్రుతి చేస్తుంటే నట్ దగ్గర టిక్కుమని చప్పుడొస్తే తీగ గాడిలో ఇరుక్కుని జారుతోంది. మెత్తటి పెన్సిల్ మొనతో గాడిలో గీస్తే ఆ నల్లటి పొడే కందెనగా పనిచేస్తుంది. రెండో కారణం తీగ చుట్టడం. కీలోంచి పోనిచ్చాక ఐదు సెంటీమీటర్ల వదులు ఉంచి, లావు తీగలకి రెండు చుట్లు, సన్నవాటికి మూడు చుట్లు వచ్చేలా ఒకదాని కింద ఒకటి పేర్చండి. మూడోది బ్రిడ్జ్ పిన్ను. తీగ కొసనున్న గుండు పిన్ను కొన కింద ఇరుక్కుంటే, బిగించేకొద్దీ పిన్ను పైకి తన్నుకొస్తుంది. గుండు దగ్గర తీగని కాస్త వంచి లోపలికి వేసి, పిన్ను పెట్టేటప్పుడు తీగని పైకి లాగిపట్టండి. గుండు పక్కకి జరిగి పలక అడుగున ఆనుకుంటుంది, ఇక కదలదు.

తీగలు 11-52 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగ మందాలు) ఈ గిటార్‌కి బాగా నప్పుతుంది. 12-53 సెట్టు మొత్తం బిగువు 70 కిలోలు దాటుతుంది. శబ్దం నిండుగా ఉంటుంది గానీ, కొత్త వేళ్లకి కష్టం. 10-47 మెత్తగా ఉండి, గమకాల కోసం తీగ పక్కకి లాగేవాళ్లకి హాయిగా ఉంటుంది, మంద్రం మాత్రం చప్పబడిపోతుంది. మంచి సెట్టు 500 నుంచి 900 మధ్య దొరుకుతుంది. దుకాణంలో నెలల తరబడి వేలాడిన తీగలతో గిటార్ గురించి తీర్పు చెప్పొద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవడం మానకండి. తీగలు మార్చేటప్పుడు ఫ్రెట్లని కూడా మెత్తటి స్టీల్ ఊల్‌తో మెరుగు పెట్టించండి. ఫ్యాక్టరీ నుంచి కాస్త గరుగ్గానే వస్తాయి, బెండ్ చేస్తే కరకరలాడతాయి.

బర్రుమనే శబ్దం ఎక్కడొస్తోందో చూస్తే కారణం దొరుకుతుంది. ఖాళీ తీగ మాత్రమే బర్రుమంటే నట్ గాడి లోతైంది. ఒకటి నుంచి నాలుగు ఫ్రెట్ల మధ్యయితే మెడ మరీ తిన్నగా ఉంది, ట్రస్ రాడ్ వదులు చేయాలి. 12 దాటాకయితే మెడ ఒంటిని కలిసేచోట ఉబ్బుంది. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గరయితే దాని తర్వాతి ఫ్రెట్ లేచింది. ఏ ఫ్రెట్‌తోనూ సంబంధం లేకుండా గరగరమంటే తల మీద కీలని పట్టి ఉంచే చిన్న మర నట్లు బిగించి చూడండి, చాలాసార్లు అంతే.

ఇక శబ్దం. మధ్య స్వరాలు స్పష్టంగా, పైవి తళుక్కుమంటూ వస్తాయి. చర్చిలో పాటలకీ, కాలేజీ స్టేజీ మీద గొంతుకి తోడుగా స్ట్రమ్ చేయడానికీ భలేగా సరిపోతుంది. మంద్రం తక్కువ కావడం వల్ల రికార్డింగ్‌లో తబలా, బేస్‌లతో గొడవపడకుండా తన చోట తను కూర్చుంటుంది. ఒక్కో తీగా వేళ్లతో మీటే ఫింగర్‌స్టైల్ వాయించేవాళ్లకి మాత్రం ఇక్కడే వెలితి. బొటనవేలితో మీటిన లావు తీగ త్వరగా ఆరిపోతుంది, మెల్లగా మీటినదానికీ గట్టిగా మీటినదానికీ తేడా రావాల్సినంత రాదు. ఇందాక చెవికి తెలుస్తుందన్నది ఇదే, ఏ సెటప్పూ దీన్ని తీర్చదు.

ఆ వెలితి తీరాలంటే సాలిడ్ స్ప్రూస్ పైపలకకి వెళ్లాలి. యమహాలోనే 2016 నుంచి వస్తున్న ఎఫ్‌జీ800, ఫెండర్ సీడీ-60ఎస్ ఆ మెట్టులో ఉన్నాయి, ధర దాదాపు రెట్టింపు. ఎఫ్‌జీ800 స్కేల్ 650, అలవాటు కొంచెం మార్చుకోవాలి. చిన్న చేతులకి దాని తోబుట్టువు ఎఫ్ఎస్800 నయం, ఒళ్లు చిన్నది, స్కేల్ 634. ఎఫ్310 ధరలోనే పోటీకి వచ్చేది కోర్ట్ ఏడీ810. 643 స్కేల్, అదీ ప్లై పైపలకే, శబ్దం ఇంకాస్త వెచ్చగా ఉంటుంది. రెండూ దొరికే దుకాణంలో కళ్లు మూసుకుని విని నచ్చింది తీసుకోండి, ఏది తీసుకున్నా నష్టం లేదు.

ఎఫ్310 పేరుతో నకిలీలు ఉన్నాయి. సౌండ్‌హోల్ లోపల లేబుల్ మీద మోడల్ పేరు, లోపలి చెక్క మీద సీరియల్ నంబరు, బిల్లు, వారంటీ కార్డు, నాలుగూ సరిచూసుకుని అధీకృత డీలర్ దగ్గరే కొనండి. ధర మార్కెట్ కన్నా మరీ తక్కువ చెబితే అనుమానించాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో ఈ గిటార్ ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది, మొదలుపెట్టి మానేసినవాళ్ల దగ్గర దాదాపు కొత్తదిలాగే. సగం ధర దాటి పెట్టొద్దు. మెడ, బ్రిడ్జ్ పరీక్షలు పైన చెప్పినట్టే చేయండి. అదనంగా బ్రిడ్జ్ వెనక పైపలక ఉబ్బిందేమో స్కేలు అడ్డంగా పెట్టి చూడండి, కొంచెం ఉబ్బు మామూలే. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద గుంటలు పడి ఉంటే ఫ్రెట్లు అరగదీయించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. శాడిల్ ఇప్పటికే మునిగిపోయి ఉండి, అయినా తీగలు 3 మి.మీ. ఎత్తులో ఉంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. అందులో ఇక తగ్గించడానికి ఏమీ మిగల్లేదు.